సుద్దగీతను రాగిరేకు మీదికి ఎక్కించిన పళ్లచక్రం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పిల్లలకు బొమ్మలు నేర్పే చోట్ల తొలిపాఠం ఇప్పటికీ అదే: ముందున్న అచ్చుబొమ్మ చూసి దించడం. పద్దెనిమిదో శతాబ్దపు ప్యారిస్‌లో ఈ చదువుకు గొప్ప ఊపునిచ్చింది ఒక చిన్న పళ్లచక్రం. పేరు రూలెట్.

రాగిరేకు మీద ఉలితో చెక్కిన గీత పదునుగా, తెగకుండా అచ్చవుతుంది. సుద్దగీత అలా ఉండదు. గరుకు కాగితం మీద ఎత్తుగా ఉన్నచోటే సుద్ద అంటుతుంది. చెయ్యి నొక్కితే ముదురు, తేలిస్తే పలచన. నేర్చుకునేవాడికి కావలసింది ఆ ఒత్తిడే. మెడ ఎక్కడ వంగిందో ఎవరికైనా కనిపిస్తుంది. గురువు చెయ్యి అక్కడెందుకు బరువెక్కిందో పట్టుకుంటేనే బొమ్మ వస్తుంది.

1750లలో జాన్ షార్ల్ ఫ్రాన్స్వా అనే చెక్కుడు కళాకారుడు సుద్దగీతను ఒత్తిడితో సహా అచ్చువేయడానికి దారి చూపాడు. రేకుకు మైనపు పూత పట్టించి, పిడికి బిగించిన పళ్లచక్రాన్ని దానిమీద దొర్లించాలి. పళ్లు దిగినచోటల్లా పూత పోయి రాగి బయటపడుతుంది. ఆమ్లం ఆ చుక్కల్నే తింటుంది. ఇంకా ముదురు కావాలంటే పూత తీసేశాక నేరుగా రాగిమీదే మళ్లీ చక్రం నడపాలి. చుక్కల్లో ఎర్రసిరా నింపి, పైది తుడిచి, తడికాగితం పరిచి రోలర్ల మధ్య నుంచి లాగితే ఎర్రసుద్దతో గీసినట్టే బొమ్మ! మరో చెక్కుడు కళాకారుడు జిల్ దెమార్తో ఈ పద్ధతిలో చిత్రకారుడు బూషే చిత్రాలను వందల్లో అచ్చుకెక్కించాడు.

1766లో చిత్రకారుడు బాషెలియే ప్యారిస్‌లో పెట్టిన ఉచిత డ్రాయింగ్ బడిలో చేతిపనుల పిల్లలు 1,500 మంది దాకా నేర్చుకునేవారు. అందరికీ అసలు చిత్రాలు ఎక్కణ్నుంచి తెస్తారు? అచ్చుబొమ్మలే దిక్కు. ఇవాళ మన డ్రాయింగ్ పుస్తకాల్లో చాలావాటిలో గీత మొదటినుంచి చివరిదాకా ఒకే మందం. అంత కష్టపడి పట్టుకున్న ఒత్తిడిని వదిలేసుకున్నామే అని నాకు నిజంగా బాధ.

తర్వాతి చిక్కు రంగులది. 1769లో లూయీ మారిన్ బొన్నె అనే చెక్కుడు కళాకారుడు ఒక్క ‘ఫ్లోరా’ ముఖానికి 8 రేకులు వాడాడు. ఒక రేకు అచ్చు మీద మరో రేకు అచ్చు వేసేటప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ చెదురుతుంది. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత, 1925లో చిత్తూరు ప్రాంతంలో పుట్టిన కృష్ణారెడ్డి, ప్యారిస్‌లో అచ్చుచిత్రాల కళాకారుడు హేటర్ నడిపిన అటెలియే 17 అనే కార్యశాలలో, ఆ రంగులన్నిటినీ ఒకే రేకుమీదికి తెచ్చే పద్ధతికి మెరుగులు దిద్దాడు. నూనె ఎక్కువ కలిపిన సిరాను గట్టి రోలర్‌తో రేకు మీది ఎత్తులకు పట్టిస్తారు. జిగురుసిరాను మెత్తని రోలర్‌తో లోతులకు దించుతారు. నూనెసిరా జిగురుసిరాను తనమీద అంటనివ్వదు. అందుకే రంగులు కలిసిపోకుండా, ఒక్కసారి ప్రెస్సులో పెడితే అన్నీ కాగితం మీదికి వస్తాయి.