ప్రధాన సంఖ్యల జంటలకు అంతం ఉందా? ఏడు కోట్ల నుంచి 246 వరకు

గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న పొడంపేట వంటి మత్స్యకార గ్రామాలలో, పడవ ఒడ్డుకు చేరాక వాటాలు వేయడం నిత్యకృత్యం. పన్నెండు చేపలుంటే ఇద్దరికి ఆరేసి, ముగ్గురికి నాలుగేసి, నలుగురికి మూడేసి చొప్పున పంచవచ్చు. పదమూడు చేపలుంటే ఆ వీలు లేదు. ఒక్కరే అన్నీ తీసుకోవాలి, లేదా పదమూడుగురు ఒక్కొక్కటి తీసుకోవాలి. ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగింపబడని ఇటువంటి సంఖ్యలకు తెలుగులో ప్రధాన సంఖ్యలని పేరు. ఒడియా మాధ్యమంలో చదువుకునే సరిహద్దు పిల్లలు వీటినే ‘మౌళిక సంఖ్యలు’గా నేర్చుకుంటారు. ఇంట ఒక పేరు, బడిలో ఒక పేరు అయినా లెక్క మాత్రం ఒక్కటే.

ప్రధాన సంఖ్యలు అనంతమని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ సుమారు 2,300 ఏళ్ల క్రితమే నిరూపించాడు. అయితే ముందుకు సాగేకొద్దీ అవి పలచబడతాయి. వంద లోపల 25 ఉన్నాయి. వెయ్యి లోపల 168, పది లక్షల లోపల 78,498. అనగా తొలి వందలో సగటున నాలుగింటికి ఒకటి దొరికితే, పది లక్షల వరకు చూసినప్పుడు సుమారు పదమూడింటికి ఒకటి మాత్రమే దొరుకుతుంది. ప్రధాన సంఖ్య ఒక్కటైనా లేని ఎడారులు ఎంత పొడవైనవి కావాలన్నా ఉన్నాయి. దీనిని పిల్లలే సరిచూడవచ్చు. 1 నుంచి 10 వరకు అంకెలను వరుసగా గుణిస్తే 36,28,800 వస్తుంది. దానికి 2 కలిపితే వచ్చేది 2తో, 3 కలిపితే వచ్చేది 3తో, అలా 10 కలిపితే వచ్చేది 10తో భాగింపబడతాయి. తొమ్మిది సంఖ్యలు వరుసగా ప్రధానాలు కాకుండా పోయాయి. ఇంకా పొడవైన ఎడారి కావాలంటే ఇంకా ఎక్కువ సంఖ్యలను గుణిస్తే సరి.

విచిత్రమేమంటే, ఇంత పలచబడుతున్నా కొన్ని ప్రధాన సంఖ్యలు రెండంటే రెండే ఎడంతో జంటలుగా కనిపిస్తూనే ఉంటాయి. 3, 5, 11, 13, 17, 19, ఇవి కవల ప్రధాన సంఖ్యలు. వంద లోపల ఎనిమిది జంటలు, వెయ్యి లోపల 35 జంటలు ఉన్నాయి. 2016లో కనుగొన్న ఒక జంటలో ఒక్కొక్క సంఖ్యకు 3,88,342 అంకెలు! కాని ఎన్ని జంటలు దొరికినా, అవి ఎన్నటికీ తరగవని చెప్పడానికి అది రుజువు కాదు. గణితంలో ఉదాహరణలు ఎన్ని పోగైనా నిరూపణకు సాటిరావు.

2013 వరకు పరిస్థితి ఇంతకన్నా దయనీయం. ఎడం 2 సంగతి అటుంచి, వెయ్యి కాని, కోటి కాని, ఏదో ఒక హద్దుకు లోబడిన జంటలు అనంతంగా ఉన్నాయని కూడా ఎవరూ నిరూపించలేకపోయారు. ఒక దశ దాటాక ప్రధాన సంఖ్యలన్నీ ఒకదానికొకటి అంతకంతకూ దూరమైపోవచ్చుననే సందేహం తీరలేదు.

ఆ సందేహాన్ని తీర్చినవారు యీటాంగ్ జాంగ్. చైనాలో జన్మించి, 1991లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన ఆయనకు ఏళ్ల తరబడి అధ్యాపక ఉద్యోగమే దొరకలేదు. ఒక తినుబండారాల దుకాణంలో లెక్కలు చూసి పొట్టపోసుకున్నారు. తరువాత న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో సామాన్య అధ్యాపకునిగా చేరారు. 2013 ఏప్రిల్‌లో ఆయన పంపిన వ్యాసాన్ని ‘ఆనల్స్ ఆఫ్ మేథమేటిక్స్’ పత్రిక నెల తిరిగేసరికి ఆమోదించింది. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. ఎడం ఏడు కోట్లకు మించని ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయన్నది ఆ వ్యాస సారాంశం. రెండు ఎక్కడ, ఏడు కోట్లు ఎక్కడ అని నవ్వుకోనక్కరలేదు. హద్దే లేని స్థితి నుంచి హద్దుకు రావడమే అసలు లంఘనం. ఆపైన హద్దును తగ్గించడం దానితో పోలిస్తే చిన్న పని.

ఆ పద్ధతిని గాలాల తాడుతో పోల్చవచ్చు. ఒక తాడుకు నిర్ణీత దూరాలలో గాలాలు కట్టి, దానిని సంఖ్యల వరుస వెంబడి జరుపుతూ పోవాలి. కనీసం రెండు గాలాలకు ప్రధాన సంఖ్యలు చిక్కే సందర్భాలు అనంతంగా వస్తాయని చూపితే పని ముగిసినట్లే. జంట ఎడం తాడు పొడవును మించజాలదు కదా. గాలాల దూరాలను మాత్రం ఆచితూచి ఎంచుకోవాలి. పక్కపక్కనే రెండు గాలాలుంటే వాటిలో ఒకటి ఎప్పుడూ సరిసంఖ్య మీదనే పడుతుంది. 2005లో గోల్డ్‌స్టన్, పింట్జ్, ఇల్దిరిమ్ అనే ముగ్గురు ఈ దారిలో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. ఆ గుమ్మం దాటినవారు జాంగ్. ఆయన తాడుకు 35 లక్షల గాలాలు.

తరువాతి కథ వేగంగా నడిచింది. టెరెన్స్ టావ్ పిలుపుతో పలు దేశాల గణితవేత్తలు కలిసి పనిచేసి, కొద్ది నెలలలోనే హద్దును 4,680కి దించారు. అదే సంవత్సరం నవంబరులో జేమ్స్ మేనార్డ్ అనే యువకుడు వేరొక పద్ధతిలో 600కు తెచ్చారు. ఆయనకు 2022లో ఫీల్డ్స్ పతకం లభించింది. 2014లో, 50 గాలాలతో 246 పొడవున్న తాడు చాలునని తేలింది. ఇంకా రుజువు కాని ఊహలను ఆధారం చేసుకోకుండా సాధించిన హద్దు అదే. అటువంటి బలమైన ఊహ ఒకటి నిజమనుకుంటే 6 వరకు రావచ్చు.

చేతిఫోనులో బ్యాంకు లావాదేవీల రహస్యాన్ని కాపాడే పద్ధతులలో పెద్ద ప్రధాన సంఖ్యలకు పాత్ర ఉంది. అయితే ఈ విజయం వలన ఆ తాళాలు బిగుసుకోలేదు, వదులు కాలేదు. ఇది కేవలం జిజ్ఞాస ఫలం.

ఈ కృషిలో తెలుగునాట పుట్టినవారి భాగం కూడా ఉంది. 1953లో గుంటూరులో జన్మించి, కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఎం. రామ్ మూర్తి, జాంగ్ నిరూపణను విడమరచి చెబుతూ 2013లోనే వ్యాసం రాశారు. ఆపై తమ శిష్యురాలు అక్షా వత్వానీతో కలిసి 6కు, 2కు మధ్య నిలిచిన అడ్డుగోడను పరిశీలించారు. గాలాల పద్ధతికి మూలమైన ‘జల్లెడ’, ఒక సంఖ్యకు ప్రధాన కారణాంకాలు సరిసంఖ్యలో ఉన్నాయో, బేసిసంఖ్యలో ఉన్నాయో గుర్తుపట్టలేదు. ప్రధాన సంఖ్యకు ఒకే కారణాంకం, రెండు ప్రధానాల లబ్ధానికి రెండు. జల్లెడ కంటికి ఈ తేడా ఆనదు. ఆ తేడాను గూర్చి అదనంగా ఏమి తెలిస్తే కవల ప్రధాన సంఖ్యల అనంతత్వం రుజువవుతుందో 2017లో వెలువడిన వారి వ్యాసం చర్చించింది. ఆ అదనపు సమాచారం ఇంకా ఎవరికీ చిక్కలేదు.