నీటిలోని విషాన్ని పట్టిచ్చే కార్బన్ వెలుగు

తాగే నీటిలో పాదరసం లీటరుకు 0.001 మిల్లీగ్రాము, సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఇంత కొద్ది మోతాదును కన్ను, ముక్కు, నాలుక పసిగట్టలేవు. జపాన్‌లోని మినమాటాలో పాదరసం చేరిన చేపలు తిన్నవారి నరాలు దెబ్బతిన్నాయి. ఆ జబ్బు 1956లో బయటపడింది; పాదరసమే కారణమని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది.

ఇలాంటి విషాల్ని కచ్చితంగా కొలిచే యంత్రాలు లేకపోలేదు. కానీ అవి ఖరీదైనవి, నిపుణులే నడపాలి. నీళ్లు మాత్రం ఊరూరా, బోరు బోరుకూ మారతాయి. ఫ్లోరైడ్‌తో దశాబ్దాలు బాధపడ్డ నల్లగొండ ప్రాంతానికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పరీక్షే బోరు దగ్గరికి రావాలి. అందుకు దారి చూపుతాయని పరిశోధకులు ఆశ పెట్టుకున్న పదార్థాల్లో కార్బన్ డాట్స్ ఒకటి.

2004లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మసి నుంచి కార్బన్ నానోట్యూబుల్ని వేరుచేస్తుండగా, వెలుగు చిమ్మే రేణువులు అనుకోకుండా దొరికాయి. 2006లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయ బృందం వాటిని కార్బన్ డాట్స్ అంది. ఇవి సాధారణంగా 10 నానోమీటర్ల లోపే ఉంటాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షవ వంతు. ఇలాగే వెలిగే మరో రకం నానో రేణువులు, 2023 రసాయన నోబెల్ తెచ్చిన క్వాంటమ్ డాట్స్‌లో చాలా రకాలకు కాడ్మియం లాంటి విషలోహం కావాలి, వీటికి అక్కర్లేదు.

తయారీ తేలికే. వంటింటి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్‌ని, నత్రజని ఉన్న ఇథిలీన్ డయమీన్‌తో నీటిలో కలిపి, గట్టిగా బిగించిన స్టీలు పాత్రలో దాదాపు 200 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచుతారు. బయటికి గోధుమరంగు ద్రవం వస్తుంది. దాన్ని పలచన చేసి అతినీలలోహిత దీపం కింద పెడితే చక్కటి నీలం రంగులో వెలుగుతుంది. నారింజ రసం నుంచీ, గడ్డి నుంచీ కూడా వీటిని తయారుచేశారు.

కాలుష్యం కనిపెట్టే కీలకం రేణువు ఉపరితలంలో ఉంది. అక్కడి ఆక్సిజన్, నత్రజని గుంపులు లోహ అయాన్లను పట్టుకుంటాయి. పాదరసం అయాను వచ్చి అతుక్కుంటే, వెలుగుగా బయటికి రావలసిన శక్తి దారి మళ్లుతుంది; నీలం రంగు మసకబారుతుంది. ఎంత మసకబారిందో కొలిస్తే ఎంత పాదరసం ఉందో లెక్క తేలుతుంది. ఇదే పద్ధతిని తిరగేసి కూడా వాడతారు. ముందే రాగితో వెలుగు తగ్గించి ఉంచిన ద్రవంలో గ్లైఫోసేట్ కలుపుమందు పడితే, అది రాగిని తనవైపు లాక్కుంటుంది. వెలుగు మళ్లీ పెరుగుతుంది.

చిక్కులూ ఉన్నాయి. బోరు నీళ్లలో మామూలుగా కనిపించే ఇనుము కూడా చాలా రకాల కార్బన్ డాట్స్ వెలుగును తగ్గిస్తుంది. అలాంటప్పుడు మసకబారడానికి కారణం పాదరసమా, ఇనుమా? కుళ్లిన ఆకుల నుంచి నీటిలోకి చేరే సేంద్రియ పదార్థాలు తామే నీలంగా వెలుగుతాయి. ఆమ్లత మారినా, నీరు మడ్డిగా ఉన్నా కొలత తప్పుతుంది. కొలతలో తప్పును కొంతైనా తగ్గించడానికి, మారని మరో రంగును జతచేసి, రెండు రంగుల నిష్పత్తిని చూసే పద్ధతి వచ్చింది. అప్పుడు దీపం కాస్త తగ్గినా తేడా అంతగా రాదు.

కాబట్టి ఈ పరిశోధనల్ని చూసేటప్పుడు, ఎంత తక్కువ మోతాదు పట్టుకున్నారన్నది ఒక్కటే చాలదు. శుద్ధమైన నీటిలో సాధించిన ఫలితం చెరువు నీటిలో, బోరు నీటిలో నిలిచిందా అన్నదే అసలు పరీక్ష. నిలిస్తే ఈ వెలుగును తొలి వడపోతగా వాడుకోవచ్చు. అనుమానం తగిలిన నమూనాలనే ప్రయోగశాలకు పంపితే డబ్బూ, సమయమూ కలిసొస్తాయి. ఏ బోరు నీళ్లు తాగొచ్చో, ఏవి వద్దో జబ్బు రాకముందే తెలుసుకునే వీలు పల్లెవాసులకు దక్కాలి.