విషపు నేల మీద గోల్ఫ్ కోర్సు: ‘శుభ్రం చేశాం’ అంటే అర్థం ఏంటి?

చుట్టూ పచ్చటి గడ్డి. మధ్యలో ఇసుక గుంటలు మాత్రం నల్లగా ఉంటాయి. అమెరికాలోని మోంటానా రాష్ట్రం, అనకొండ పట్టణంలో ఉన్న ‘ఓల్డ్ వర్క్స్’ గోల్ఫ్ కోర్సు ఇది. గుంటల్లో ఉన్నది ఇసుక కాదు, రాగి కరిగించగా మిగిలిన స్లాగ్. గడ్డి కింద ఉన్నవి పాత రాగి కర్మాగారం వ్యర్థాలు.

మరి అలాంటి చోట జనం ఎలా ఆడుతున్నారు? అక్కడి విషం ఏమైంది?

అసలు అక్కడ ఏం జరిగింది?

అనకొండలో 1880ల నుంచి రాగి ఖనిజాన్ని కరిగించేవారు. దాదాపు వందేళ్ల పాటు వెలువడిన పొగ, వ్యర్థాల వల్ల ఆర్సెనిక్, సీసం, కాడ్మియం లాంటివి చుట్టుపక్కల నేలలో చేరాయి. 1980లో కర్మాగారం మూతపడింది. 585 అడుగుల పొగగొట్టం ఇప్పటికీ నిలిచే ఉంది.

అదే ఏడాది అమెరికా ‘సూపర్‌ఫండ్’ చట్టం తెచ్చింది. కాలుష్యం చేసినవారే శుద్ధి ఖర్చు భరించాలన్నది దీని మూల సూత్రం. ఆ కంపెనీ చేతులు మారినా బాధ్యత పోదు. అనకొండ 1983లో ఈ జాబితాలోకి ఎక్కింది. కర్మాగారం కంపెనీని 1977లో కొన్న అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ సంస్థ మీద ఖర్చు పడింది. ప్రఖ్యాత ఆటగాడు జాక్ నిక్లాస్ డిజైన్ చేసిన 18 హోల్స్ కోర్సు 1997లో తెరుచుకుంది.

విషాన్ని తీసేశారా?

లేదు. చాలావరకు అక్కడే ఉంచి కప్పేశారు. లక్షల టన్నుల మట్టిని తవ్వి వేరే చోటికి తరలిస్తే ఖర్చు మాత్రమే కాదు, దారి పొడవునా దుమ్ము కూడా లేస్తుంది. అందుకే వ్యర్థాలపై సున్నపురాయి పొర, దాని మీద శుభ్రమైన మట్టి, ఆపైన గడ్డి వేశారు. సున్నపురాయి నేలలోని ఆమ్ల గుణాన్ని తగ్గిస్తుంది. గడ్డి మట్టిని కదలకుండా పట్టి ఉంచుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. గడ్డికి నీళ్లు పెట్టాలి. ఆ నీళ్లు వ్యర్థాల్లోకి ఇంకితే లోహాలు భూగర్భ జలాల్లోకి చేరొచ్చు. అందుకే కింద డ్రైనేజీ ఏర్పాటు చేశారు.

మరి ఇళ్లు ఎందుకు కట్టలేదు?

ఇంట్లో మనిషి ఏళ్ల తరబడి ఉంటాడు. పిల్లలు మట్టిలో ఆడతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. పునాది కోసమో, బోరు కోసమో నేల తవ్వాల్సి వస్తుంది. గోల్ఫ్ ఆడేవారు కొన్ని గంటలుండి వెళ్లిపోతారు. పైగా గడ్డిని రోజూ చూసుకునే సిబ్బంది ఉంటారు కాబట్టి కప్పు ఎక్కడైనా దెబ్బతింటే వెంటనే తెలుస్తుంది.

అంటే శుద్ధికి ఒకే కొలత లేదు. ఆ నేలను దేనికి వాడతారన్న దాన్ని బట్టే ఎంత శుభ్రం చేయాలో నిర్ణయిస్తారు. వ్యర్థాలు కిందే మిగిలిన సూపర్‌ఫండ్ స్థలాలను కనీసం ఐదేళ్లకోసారి సమీక్షించాలని చట్టమే చెబుతోంది.

ఊరికి ఏం దక్కింది?

కర్మాగారం పోయిన పట్టణానికి సందర్శకులు వచ్చే చోటు ఒకటి దక్కింది. కానీ కథ అక్కడితో ముగియలేదు. కోర్సు తెరిచిన చాలా ఏళ్ల తర్వాత కూడా పట్టణంలోని ఇళ్ల పెరళ్లలో కలుషిత మట్టిని తొలగించే పని సాగింది. ఫొటోల్లో పచ్చగా కనిపించే మైదానం వేరు, పిల్లలు ఆడుకునే పెరడు వేరు.

ఇది మనకెందుకు?

కలుషిత ప్రాంతాల గుర్తింపు, శుద్ధి కోసం మన కేంద్ర ప్రభుత్వం కూడా 2025లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వీటిలోనూ కాలుష్యం చేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రం ఉంది. రేపు మీ దగ్గర్లో ఒక పాత పారిశ్రామిక స్థలం పార్కుగానో, లేఅవుట్‌గానో మారితే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

- కింద ఏం మిగిలి ఉంది?
- ఏ వాడకం కోసం శుద్ధి చేశారు? పార్కుకా, ఇళ్లకా?
- అక్కడ బోరు వేయొచ్చా, నేల తవ్వొచ్చా?
- ఇరవై ఏళ్ల తర్వాత కూడా నీటిని, మట్టిని ఎవరు పరీక్షిస్తారు? ఖర్చు ఎవరిది?

‘శుభ్రం చేశాం’ అన్న మాట వీటికి జవాబు కాదు.