మూలనపడ్డ టేపురికార్డరు

నాయనమ్మ నాట్లపాట ఉన్న క్యాసెట్టు మన ఇళ్లలో ఒక్కటే ఉంటుంది, రెండో కాపీ ఉండదు. అన్నోజిగూడలో మా చిన్నగదిలో పాత డెక్కును కంప్యూటరుకు కలిపిన పద్ధతి రాస్తున్నాను.

ముందు క్యాసెట్టు వెనుక అంచున్న రెండు ప్లాస్టిక్ పలకలు విరిచెయ్యండి. ఇక రికార్డు బటన్ పడదు, పాట చెరగదు. మనవాళ్లు సినిమా క్యాసెట్ల రంధ్రాలకు ప్లాస్టరు వేసి వాటి మీదే రికార్డు చేసేవారు. అలాంటిదైతే ప్లాస్టరు పీకాలి.

ఏళ్లుగా వాడని డెక్కులో రబ్బరు బెల్టు సాగిపోతుంది. చక్రం సరిగా తిరగక టేపు లోపల చిక్కుపడుతుంది. కొత్త బెల్టు వేయించి, పనికిరాని క్యాసెట్టుతోనే మొదట పరీక్షించండి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది; మధ్యలో కాస్త మురికి చేరినా గొంతు మసకబారుతుంది.

డెక్కు లైన్ అవుట్ నుంచి సౌండ్‌కార్డు లైన్ ఇన్‌కు తీగ కలపండి. మైకు రంధ్రంలో పెడితే శబ్దం పగులుతుంది. 60 నిమిషాల క్యాసెట్టుకు గంట కూర్చోవాల్సిందే! వేవ్ ఫైలుగా దాచి, పాడినవారి పేరు, ఊరు రాయండి. మా నాయనమ్మ క్యాసెట్టు మీద సినిమా పేరే ఉంది.