మంచు బాటకు ఇక సెలవు!

తుపాకీ వీపున తగిలించుకుని మంచు మీద కిలోమీటర్లకు కిలోమీటర్లు దూసుకుపోయిన వీరులు వాళ్లు. ఒకరిని గుండె ఆగమంది. ఇంకొకరిని పిల్లలు ఇంటికి రమ్మన్నారు. మరొకరికి ఇక చాలనిపించింది. పతకాల లెక్క అందరికీ తెలిసిందే... ఆట ఆపిన రోజు కథే వేరు!

2025 జనవరి 18. సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైంది. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ సందడి మొదలైంది. (2022లో జిల్లాలు మారాక ఈ ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లిందిగానీ, పులికాట్‌ పక్షులు నెల్లూరు తీరం వాళ్లకు ఇప్పటికీ ఇంటి చుట్టాలే!) మైపాడు ఒడ్డున తెల్లవారుజామున కప్పుకున్న శాలువాని తొమ్మిదింటికల్లా తీసి పక్కన పెట్టేసే చలి మనది. సరిగ్గా ఆరోజే జర్మనీలోని రూపోల్డింగ్‌ అనే మంచుకొండల ఊళ్లో నార్వేకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు ఈ సీజన్‌ పూర్తికాగానే తప్పుకుంటామని ప్రకటించారు. అన్న తార్యేయ్‌ బో, తమ్ముడు యొహానెస్‌ బో. యూరప్‌లో టీవీల ముందు కూర్చునే లక్షలాది అభిమానులకు అది పిడుగులాంటి వార్త. ఎందుకంటే మరో ఏడాదిలో ఇటలీలో వింటర్‌ ఒలింపిక్స్‌. తమ్ముడికి అప్పటికి 31 ఏళ్లే!

నిమ్మకాయంత గురి

ఇంతకీ ఏమిటా ఆట? పేరు బయాథ్లాన్‌. రెండు ఆటలు కలిసిన ఆట. కాళ్లకు స్కీలు కట్టుకుని, చేతుల్లో కర్రలతో నెట్టుకుంటూ ఎగుడుదిగుడు మంచు దారిలో పోవాలి. దాన్నే విడిగా ఆడితే క్రాస్‌ కంట్రీ స్కీయింగ్‌. బయాథ్లాన్‌లో అదనంగా వీపు మీద కనీసం మూడున్నర కిలోల తుపాకీ ఉంటుంది. మధ్యమధ్యలో ఆగి, 50 మీటర్ల దూరంలోని అయిదు గుండ్రాలను కొట్టాలి. పడుకుని కాల్చేటప్పుడు ఆ గుండ్రం అడ్డుకొలత నాలుగున్నర సెంటీమీటర్లు. అంటే గూడూరు నిమ్మకాయంత! నిలబడి కాల్చేటప్పుడు మాత్రం కాస్త దయతలిచి పదకొండున్నర సెంటీమీటర్లు చేశారు. చాలా పోటీల్లో ఒక్కో గురి తప్పినందుకు 150 మీటర్లు అదనంగా చుట్టి రావాలి.

మైపాడు పొడి ఇసుకలో రెండు కిలోమీటర్లు పరుగెత్తి, ఆయాసం తీరకముందే సూదిలో దారం ఎక్కించమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్‌ నారంగ్‌ 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్‌ రైఫిల్‌లో కాంస్యం తెచ్చినప్పుడు, షూటింగ్‌ అంటే ఎంత నిశ్చలంగా ఉండాలో తెలుగువాళ్లంతా చూశాం. బయాథ్లాన్‌ వాళ్లదీ అదే ఏకాగ్రత. కాకపోతే గుండె దడదడలాడుతుండగా!

మంచు లేని నెలల్లో వీళ్లు ఖాళీగా కూర్చోరు. చక్రాల స్కీలు కట్టుకుని తార్రోడ్ల మీద సాధన చేస్తారు. ఏడాదికి 800, 900 గంటల శ్రమ. మన రోహిణి కార్తెలో నెల్లూరు రోడ్ల మీద అయితే ఆ చక్రాల సంగతేమోగానీ మనిషే కరిగిపోతాడు!

గుండె మాట వినాల్సి వచ్చింది

ఈ ఆటలో రాజు అనదగ్గవాడు నార్వేకే చెందిన ఓలె ఐనార్‌ బ్యోర్న్‌డాలెన్‌. 2002 సాల్ట్‌లేక్‌ ఒలింపిక్స్‌లో బయాథ్లాన్‌లో పురుషులకు ఉన్న నాలుగు పోటీలూ గెలిచేశాడు. మొత్తం ఎనిమిది స్వర్ణాలు. చివరి రెండు స్వర్ణాలు సోచిలో (2014) నలభయ్యేళ్ల వయసులో వచ్చాయి. జలుబు చేస్తే సీజన్‌ పాడవుతుందని కరచాలనాలు తగ్గించుకుని, హోటల్‌ గదిని తన వాక్యూమ్‌ క్లీనర్‌తో తానే శుభ్రం చేసుకునేవాడు. చాదస్తం అని నవ్వినవాళ్లూ ఉన్నారు. నలభై దాటేదాకా నిలిచాడంటే ఆ చాదస్తం పుణ్యం కొంత ఉండే ఉంటుంది.

2018 ప్యాంగ్‌చాంగ్‌ ఒలింపిక్స్‌కు మాత్రం ఆయన జట్టులో చోటు దక్కించుకోలేకపోయాడు. అయినా అక్కడికి వెళ్లాడు... భార్య దార్యా దొమ్రాచెవాకు తోడుగా! బెలారస్‌కు చెందిన ఆమె ఆ ఒలింపిక్స్‌లో ఒక స్వర్ణం, ఒక రజతం గెలిచింది. ఆ ఏప్రిల్‌లో బ్యోర్న్‌డాలెన్‌ కన్నీళ్లతో ఆట మానేస్తున్నట్టు చెప్పాడు. ఇంకో రెండేళ్లు ఆడాలన్నది కోరిక. కానీ గుండె లయ తప్పుతోంది. 44 ఏళ్లు అరగంటకోసారి పరీక్ష పెట్టినట్టు వాడుకున్న గుండె మరి! అదే ఏడాది భార్యా తప్పుకుంది.

క్రాస్‌ కంట్రీ స్కీయింగ్‌ మహారాణి మారిట్‌ బ్యోర్గెన్‌ కూడా అదే నెలలో సెలవు తీసుకుంది. 2015 డిసెంబరులో బిడ్డను కని, మళ్లీ సాధన మొదలుపెట్టి, 37 ఏళ్ల వయసులో ప్యాంగ్‌చాంగ్‌లో అయిదు పతకాలు తెచ్చుకుంది. ఒలింపిక్స్‌లో తన చివరి పోటీ 30 కిలోమీటర్లు. రెండోస్థానంలో వచ్చిన ఆమెకన్నా నిమిషంన్నరకు పైగా ముందే గీత దాటింది. మొత్తం 15 పతకాలు. అంతకంటే బాగా ఎవరు ముగించగలరు?

అదే ప్యాంగ్‌చాంగ్‌లో 15 కిలోమీటర్ల పోటీలో మనవాడూ ఒకరున్నారు. భారత సైన్యానికి చెందిన జగదీశ్‌ సింగ్‌. వచ్చిన స్థానం 103. విజేతకన్నా దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక. అంతకుముందు సోచిలో నదీమ్‌ ఇక్బాల్‌ 85వ స్థానంలో వచ్చాడు. ఆయనా సైనికుడే. గుల్‌మార్గ్‌లో సైన్యం నడిపే శిక్షణ కేంద్రం లేకపోతే, ఈ ఆటలో మన దేశం పేరు వినబడటం కష్టమే.

ఖాళీ స్టేడియంలో ఆఖరి గెలుపు

ఫ్రాన్స్‌కు చెందిన మార్టిన్‌ ఫుర్కాడ్‌ వరుసగా ఏడేళ్లు ప్రపంచకప్‌ విజేత. 2020 మార్చి 14న ఫిన్లాండ్‌లోని కొంటియోలాహ్తిలో ఆఖరి పోటీకి దిగాడు. కరోనా భయంతో ప్రేక్షకులు లేరు. ఆ ఖాళీ స్టేడియంలోనే గెలిచాడు! అయినా ఎనిమిదో కప్పు మాత్రం రెండు పాయింట్ల తేడాతో చేజారింది. దాన్ని ఎగరేసుకుపోయింది ఎవరో కాదు... యొహానెస్‌ బో.

ఆ బో వంతు అయిదేళ్లకు వచ్చింది. అయిదు ఒలింపిక్‌ స్వర్ణాలు, అయిదు ప్రపంచకప్‌లు. సెలవు చెప్పాక కూడా ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గెలిచి ఆ పోటీల్లో స్వర్ణాల సంఖ్యను 23కు చేర్చాడు. శక్తి తగ్గి తప్పుకోలేదని అందరికీ అర్థమైంది. ఏడాదిలో ఎన్నో నెలలు ఇల్లు వదిలి తిరగాలి, ఇంట్లో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు... అదీ అతను చెప్పిన కారణం. ఆ మార్చిలో సొంత దేశంలో, ఓస్లోలో అన్నదమ్ములిద్దరూ చివరిసారి స్కీలు కట్టారు.

పాతికేళ్లకే చాలనుకుంది

వీళ్లందరికంటే చిన్న వయసులో ఆగిపోయింది జర్మనీ అమ్మాయి లారా డాల్మైర్‌. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అయిదు స్వర్ణాలు, మరుసటి ఏడాది ప్యాంగ్‌చాంగ్‌లో రెండు. 2019 మేలో ఆట మానేసేనాటికి 25 ఏళ్లు. పోటీల మీద మునుపటి ఇష్టం లేదని చెప్పేసి, చిన్నప్పటి నుంచీ ప్రేమించిన కొండల దారి పట్టింది. పర్వతారోహకులకు దారి చూపే గైడ్‌గా అర్హత సంపాదించింది. టీవీలో బయాథ్లాన్‌ విశ్లేషకురాలిగానూ కనిపించేది.

బో సోదరులు తప్పుకున్న నాలుగు నెలలకు, 2025 జులై 28న, పాకిస్థాన్‌లోని కారకోరం పర్వతాల్లో లైలా శిఖరం మీద ఆమెపై రాళ్లు విరిగిపడ్డాయి. వయసు 31. అలాంటిదేదైనా జరిగితే తన దేహం కోసం ఎవరూ ప్రాణాలు పణంగా పెట్టవద్దని ఆమె ముందే రాసిపెట్టుకుంది. కుటుంబం ఆ మాట మన్నించింది. ఆమెను ఆ కొండ మీదే ఉంచేశారు.