మోకాలి లోతు సముద్రంలో...

మా వారికి సెలవంటే కుర్చీ, గొడుగు, నిద్ర. నాకేమో పది నిమిషాలు ఊరికే కూర్చుంటే ఏదో పని మర్చిపోయినట్టుంటుంది. 2023 ఏప్రిల్లో న్యూజెర్సీ చలి తప్పించుకుందామని బహామాస్‌లోని ఎల్యూథెరా ద్వీపానికి బయల్దేరాం. బట్టలకంటే ముందు నేను పెట్టెలో సర్దింది తొమ్మిదడుగుల గాలపు కర్ర, నాలుగు ముక్కలుగా విడదీసి.

"చేపల పులుసు వండుతావా ఏమిటి?" అని నవ్వారాయన.

"వండడానికి కాదు, పట్టి వదిలేయడానికి" అన్నాను. ఆ నవ్వు ఆగిపోయింది.

భీమవరంలో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెబితే మరీ ఘోరం. "వదిలేసే చేప కోసం విమానమెక్కి వెళ్తున్నావా?" అంది. బోన్‌ఫిష్‌కి ముళ్ళెక్కువమ్మా అని సర్దిచెప్పబోతే, "పులసకి లేవా ముళ్ళు? వదిలేస్తున్నామా?" అని ఒక్క మాటతో నోరు మూయించింది.

పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక మా ఊరి పార్కులో ఆడవాళ్ళకి ఫ్లై ఫిషింగ్ నేర్పుతున్నారంటే సరదాగా వెళ్ళాను. అదే పట్టుకుంది! మామూలు గాలానికి సీసం గుండు ఉంటుంది, విసిరితే అదే దారాన్ని లాక్కెళ్తుంది. ఇందులో ఎర బరువు లేనట్టే. చిన్న కొక్కేనికి బొచ్చు, దారం చుట్టి రొయ్యపిల్లలా చేస్తారు. బరువంతా లావుపాటి దారానిది. కర్ర వెనక్కి తీసి, దారం వెనకాల పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకి విసరాలి. ఆ ఆగడమే ఎవరికీ ఓ పట్టాన రాదు. తడి చీర జాడించేటప్పుడు చివరంచు దాకా పోనిస్తాం చూడండి, అలాగన్నమాట. కండబలంతో పని లేదు. 1951లో అమెరికాలో జరిగిన దూరం విసిరే పోటీలో మగవాళ్ళందరినీ ఓడించి జోన్ వుల్ఫ్ అనే ఆవిడ గెలిచింది. ఈ సంగతి మా వారికి రెండుసార్లు చెప్పాను!

గైడుని పెట్టుకుంటే పడవలో తిప్పి, చేప ఎక్కడుందో వేలెత్తి చూపిస్తాడు. రోజుకి వందల డాలర్లు. నాకా స్తోమతు లేదు, ఇంకొకరు చూపించిన చేపని పట్టాలనీ లేదు. అద్దె కారు ఉంది, అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. ఇలా తీరపు నీళ్ళలో చేపలు పట్టే విదేశీయులకి 2017లో నిబంధనలు వచ్చాయి. లైసెన్సు తీసుకోవాలి, పట్టిన బోన్‌ఫిష్‌ని వదిలేయాలి. లైసెన్సు తీసుకుని సవానా సౌండ్ అనే చోటికి వెళ్ళాను. ఎదురుగా ఉన్న చిన్న దీవి అట్లాంటిక్ అలల్ని ఆపేస్తుంది. లోపల తెల్లటి ఇసుక మీద మోకాలి లోతు నీళ్ళు, అంచుల్లో మడచెట్లు.

అక్కడ గడియారం కంటే ఆటుపోట్లే ముఖ్యం. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ఇవాళ్టి కంటే రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా. నీళ్ళు ఎక్కడం మొదలవగానే పీతలు, రొయ్యల కోసం బోన్‌ఫిష్ ఒడ్డు వైపుకొస్తుంది. ఎండ వీపు మీద పడేలా నిలబడి, పోలరాయిడ్ కళ్ళద్దాలతో వెతకాలి. ఒళ్ళంతా అద్దం లాంటి వెండి పొలుసులు కావడంతో చేప కనబడదు, ఇసుక మీద దాని నీడ కదులుతుంది. అడుగు ఎత్తి వేయకూడదు, ఈడుస్తూ నడవాలి. ఇసుకలో పడుకున్న టేకు చేపని తొక్కితే తోక ముల్లు దిగుతుంది. వెళ్ళేముందు ఎక్కడుంటానో, ఎన్నింటికొస్తానో మా వారికి చెప్పి వెళ్ళేదాన్ని. ఆయన "ఊఁ" అని మళ్ళీ నిద్ర!

మొదటి రోజు నీడలన్నీ చేపల్లాగే కనిపించాయి, ఒక్కటీ చేప కాదు. రెండో రోజు ఒకటి ఎర అందుకుంది. కంగారులో కర్ర పైకెత్తాను, ఎర దాని నోట్లోంచి ఊడిపోయింది. కర్ర ఎత్తకూడదు, ఎడమ చేత్తో దారం వెనక్కి లాగాలి. బావిలోంచి చేంతాడు లాగినట్టు. చిన్నప్పుడు ఎన్ని బిందెలు తోడానో, అవసరానికి ఆ చెయ్యి గుర్తుకురాలేదు.

మూడో రోజు పడింది. అబ్బ, ఆ పరుగు! రెండు కేజీలైనా ఉండని చేప, రీలు మీద దారం వంద గజాలు లాక్కుపోయింది. దగ్గరికి తెచ్చి, నీళ్ళలోంచి ఎత్తి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఫోటో. సరిగ్గా రాలేదని ఇంకోటి, మొహంలో ఎండ పడిందని మరోటి. వదిలితే పక్కకి ఒరిగిపోయింది. తోక కదిలిస్తూ నాలుగు గజాలు పోయిందో లేదో, మడచెట్ల కింది నుంచి ఒక సొర వచ్చింది. నీళ్ళు ఒక్కసారి ఎగిరాయి, అంతే. కాసేపు అలాగే నిలబడిపోయాను. వండుకుని తిన్నా అంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రి గదిలో కూర్చుని చదివాను. ఎల్యూథెరాలోనే చేసిన ఒక పరిశోధన 2007లో అచ్చయింది. వదిలేటప్పటికి నిటారుగా ఈదలేకపోయిన బోన్‌ఫిష్, మామూలుగా ఈదేదాని కంటే ఆరు రెట్లకు పైగా సొరల్లాంటి వాటి నోట పడుతుందట. నీళ్ళ బయట ఉంచినకొద్దీ అది తూలిపోతుంది. అంటే ఆ మూడో ఫోటో నాదే కదా తప్పు!

ఆఖరి రోజు ఇదే దేశంలోని ఆండ్రోస్ ద్వీపంలో 1970లలో పుట్టిన 'క్రేజీ చార్లీ' అనే ఎర కట్టాను. పూసల కళ్ళ బరువుకి కొక్కెం మొన పైకి తిరిగి ఇసుకలో గుచ్చుకోదు. దాని ముల్లుని పట్టకారుతో ముందే నొక్కేశాను. ఎండ నడినెత్తికొచ్చే వేళ ఒక నీడ ఆగింది. ఈసారి చేంతాడు గుర్తొచ్చింది. ఎక్కువసేపు ఆడించకుండా త్వరగా లాగి, చేతులు తడిపి, నీళ్ళలోనే కొక్కెం తీశాను. చుట్టూ చూశాను, సొర జాడ లేదు. నా వేళ్ళ మధ్య నిటారుగా నిలబడి, ఒక్క ఊపుతో వెళ్ళిపోయింది. దాని నీడ కనిపించినంత దూరం చూశాను.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను.

"ఫోటో పంపు" అంది.

"తీయలేదమ్మా."

"తీయకపోతే పట్టావని ఎవరు నమ్ముతారే?"

"నమ్మకపోతే పోనీలే" అన్నాను.