యువకులలో టెస్టోస్టెరాన్ లోపం: పదజాలం, పరీక్ష, అవగాహన

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'వీర్యం' అనే పదానికి శుక్రమనే అర్థంతోపాటు పరాక్రమమనే అర్థమూ ఉంది. 'పురుష' శబ్దం నుంచి ఏర్పడిన 'పౌరుషం' శౌర్యానికి పర్యాయపదమైంది. భగవద్గీత ద్వితీయాధ్యాయంలో అర్జునుని అధైర్యాన్ని కృష్ణుడు 'క్లైబ్యం' అంటాడు. వ్యాకరణంలో లింగాన్ని మాత్రమే సూచించే 'నపుంసక' శబ్దం వ్యవహారంలో నిందగా మారింది. శరీరధర్మాన్నీ గుణాన్నీ ఒకే మాటతో చెప్పే ఈ పదజాలంలో, హార్మోను తగ్గిన యువకుడు తన బాధ చెప్పుకోబోతే అది ఆత్మనింద అవుతుంది. టెస్టోస్టెరాన్ లోపం కొలవదగిన శారీరక స్థితి అనీ, దాన్ని గుర్తించడానికి నిందలేని పదజాలం అవసరమనీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. హార్మోను ఉత్పత్తి – లోపానికి కారణాలు

'ప్రేరేపించు' అనే అర్థంగల గ్రీకు మూలం నుంచి ఏర్పడిన 'హార్మోను' పదాన్ని 1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ వ్యాప్తిలోకి తెచ్చాడు. టెస్టోస్టెరాన్‌ను 1935లో వృషణాల నుంచి వేరుచేశారు. మెదడులోని హైపోథలామస్ పిట్యూటరీ గ్రంథిని ప్రేరేపిస్తుంది. పిట్యూటరీ విడుదల చేసే ఎల్.హెచ్. ప్రభావంతో వృషణాలలోని లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్‌ను తయారుచేస్తాయి. లోపం వృషణాలలో ఉంటే ఎల్.హెచ్. పెరుగుతుంది. పై గ్రంథులలో ఉంటే అది తగ్గుతుంది, లేదా పెరగవలసినంత పెరగదు.

మొదటి రకానికి క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ ఉదాహరణ. దీన్ని 1942లో వర్ణించారు. అదనపు ఎక్స్ క్రోమోజోమ్ దీనికి కారణమని 1959లో తేలింది. రెండవ రకానికి కాల్‌మన్ సిండ్రోమ్, పిట్యూటరీ కణితులు ఉదాహరణలు. ఊబకాయం, మధుమేహం, కొన్ని నొప్పి మందులు, కండలకోసం వాడిన స్టెరాయిడ్లు కూడా హార్మోనును తగ్గించగలవు.

3. లక్షణాలు – పరీక్ష

నీరసం, విసుగు, ఏకాగ్రత లోపం అనే లక్షణాలు థైరాయిడ్ సమస్యలో, రక్తహీనతలో, మానసిక కుంగుబాటులో కూడా కనిపిస్తాయి. కామేచ్ఛ తగ్గడం, ఉదయపు అంగస్తంభనలు తగ్గడం, గడ్డం పలచబడటం, రొమ్ము పెరగడం హార్మోను లోపాన్ని మరింత స్పష్టంగా సూచిస్తాయి. యువకులు మొదటి వరుస లక్షణాలను చెప్పి, రెండవ వరుసను సిగ్గుతో దాచిపెడితే వైద్యుడికి దారి దొరకదు.

నిద్ర ప్రభావాన్ని కూడా గమనించాలి. 2011లో ప్రచురితమైన షికాగో విశ్వవిద్యాలయ అధ్యయనంలో 10 మంది ఆరోగ్యవంతులైన యువకులు వారంపాటు రాత్రికి 5 గంటలే నిద్రపోగా, వారి పగటి టెస్టోస్టెరాన్ 10–15 శాతం తగ్గింది. అధ్యయనం చిన్నదే అయినా, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉంటూ రాత్రులు మేల్కొని పోటీ పరీక్షలకు చదివే అభ్యర్థుల విషయంలో దీన్ని గుర్తుంచుకోవాలి.

టెస్టోస్టెరాన్ ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. కాబట్టి పరగడుపున, ఉదయంపూట, రెండు వేర్వేరు రోజులలో పరీక్షించాలి. 19–39 ఏళ్ల ఆరోగ్యవంతులైన, ఊబకాయం లేని పురుషులకు డెసిలీటరుకు 264 నానోగ్రాములను కనిష్ఠ పరిమితిగా ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఊబకాయంలో హార్మోనును మోసే ప్రొటీను తగ్గడంవల్ల మొత్తం విలువ తక్కువగా కనిపించినా, స్వేచ్ఛగా ఉండే హార్మోను సరిపడా ఉండవచ్చు. ఒక్క సాయంత్రపు రిపోర్టుతో నిర్ధారణకు రాకూడదు.

4. ఒకే మాట – మూడు స్థితులు

వ్యవహారంలో 'మగతనం లేకపోవడం' అనే ఒక్క మాట టెస్టోస్టెరాన్ లోపాన్నీ, అంగస్తంభన సమస్యనూ, సంతానలేమినీ కలిపేస్తుంది. వైద్యంలో ఇవి వేరు. రక్తనాళాల సమస్యవల్లనో ఆందోళనవల్లనో స్తంభన దెబ్బతిన్నప్పుడు హార్మోను సరిగానే ఉండవచ్చు. వై క్రోమోజోమ్‌లోని కొన్ని భాగాలు లోపించి శుక్రకణాలు ఏర్పడని పురుషులపై హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు. అటువంటివారిలో కూడా టెస్టోస్టెరాన్ సాధారణ స్థాయిలో ఉండవచ్చు.

ఈ మూడింటినీ కలపడంవల్ల అపాయం ఉంది. బయటినుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే పిట్యూటరీ సంకేతాలు అణగిపోయి శుక్రకణాల ఉత్పత్తి తగ్గుతుంది, కొందరిలో ఆగిపోతుంది. సంతానం కోరే యువకుడు 'మగతనం' కోసం తనంతట తాను ఇంజెక్షన్ తీసుకుంటే కోరినదానికే దూరమవుతాడు. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. సిగ్గుతో వైద్యునికి దూరమైనవారు అటువంటి ప్రకటనలకు సులభంగా లొంగుతారు.

5. ముగింపు

వనస్థలిపురం యువకునికి ఏరియా ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. ఎల్.బి.నగర్ నుంచి 2018లో మొదలైన మెట్రో, ఎండోక్రైనాలజీ విభాగమున్న నిమ్స్ సమీపానికి చేరుస్తుంది. ఇంట్లోనూ, పెళ్లి సంబంధాల మాటల్లోనూ ఈ సమస్యను ప్రస్తావించడమే ఇంకా కష్టంగా ఉంది. కొందరిలో పరీక్షలన్నీ చేశాక కూడా కారణం తెలియకపోవచ్చు. కారణం తెలియనంత మాత్రాన బాధ కల్పితం కాదు. వారికి క్రమమైన వైద్య పర్యవేక్షణ అవసరం. 'పురుష హార్మోను లోపం', 'స్తంభన సమస్య', 'శుక్రకణ లోపం' అనే మూడు మాటలను విడివిడిగా వాడుకలోకి తేవడంలో తెలుగు అధ్యాపకుల పాత్ర ఉంది. 'రక్తహీనత' అన్నంత మామూలుగా ఈ మాటలను పలకగలిగిననాడు యువకుడు పరీక్షకు ఆలస్యం చేయడు.